పదో ముడి

మంగ్లుకు చదువు రాదు. ముప్ఫై ఏళ్లుగా సర్కారు మాటలు మోస్తున్నాడు.

డుంబ్రిగుడ చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్లకు చాటింపు వేసే బారికి అతను. కచేరీలో గుమాస్తా ఉత్తర్వు చదువుతుంటే ఒక్కసారి వింటాడు. కొండలెక్కి, దిగి, డప్పు మీద మూడు దెబ్బలు వేసి, విన్నది విన్నట్టు చెబుతాడు. ఒక మాట కలపడు. ఒక మాట వదలడు. గడువున్న ఉత్తర్వైతే అడ్డతీగ నారతో చిన్న తాడు పేని, ఎన్ని రోజులైతే అన్ని ముడులు వేసి ఊరిపెద్ద చేతిలో పెడతాడు. రోజూ పొద్దున్నే ఒక ముడి విప్పుతారు. ముడులు అయిపోయిన రోజు గడువు. రోడ్డు పనికి మనుషులు దిగాల్సిన రోజైనా, దొర గుడారం వేసే రోజైనా ఆ తాడు ఎన్నడూ తప్పలేదు. తగాదా వస్తే కచేరీలోనే కాగితం పక్కన పెట్టి, మంగ్లు తాడు ఏమంటోందని అడిగేవారు.

మన్యం పితూరీ అణిగిన రెండో ఏట, వానల్లో, కుక్కల ఉత్తర్వు వచ్చింది. అనంతగిరి బంగళా దగ్గర ఒక దొర గుర్రాన్ని పిచ్చికుక్క కరిచింది. గుర్రం నురగలు కక్కి చచ్చింది.

ఉత్తర్వులో నాలుగు మాటలు. కుక్క ఉన్నవాడు దాని మెడకు తోలుపట్టీ వేయాలి. తాడుతో కట్టి ఉంచాలి. పట్టీ లేని కుక్కను కనబడ్డచోట చంపాలి. మనిషిని కరిచిన కుక్కను మాత్రం వెంటనే చంపకుండా పది రోజులు కట్టి చూడాలి. ఈలోగా అది చస్తే కాటుపడ్డ మనిషిని ఆసుపత్రికి పంపాలి. చావకపోతే ఆ మనిషికి భయం లేదు, అప్పుడు కుక్కను చంపాలి.

మూడో మాటకే అందరూ తమ కుక్కలను దాచుకోవడానికి పరుగెత్తారు; నాలుగో మాట దాకా ఏ ఊళ్లోనూ ఎవరూ నిలబడలేదు. మంగ్లు ఖాళీ వాకిళ్లకు చెప్పి ముందుకు పోయాడు.

తోలుపట్టీ ఎవరి దగ్గరా లేదు. చెప్పులే లేని ఊళ్లు. శృంగవరపుకోట నుంచి బంట్రోతు సింహాచలం కర్ర పట్టుకుని వచ్చాడు. ఉచ్చు వేసి పట్టడం మంగ్లు వంతు, కొట్టడం సింహాచలం వంతు. మూడు రోజుల్లో ఏడు ఊళ్లు అయ్యాయి. నాలుగో రోజు మంగ్లు ఊరు.

చిట్టెమ్మ ఒంటరిది. మొగుడు పోయాక ఆమె సామచేనుకు ఒక నల్లకుక్కే కావలి. మంగ్లు పిలవగానే అది దగ్గరికి వచ్చింది.

అయిపోయాక చిట్టెమ్మ అంది: "నిన్ను సూసి తోకూపినాది మావా."

మంగ్లు ఉచ్చు కడిగి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

చివరగా చెవి చిరిగిన గోధుమరంగు కుక్క ఒకటి మిగిలింది. అది ఎవరిదీ కాదు. ప్రతి వాకిట్లోనూ తినేది. ఉచ్చు మెడ మీద పడబోతుండగా తిరగబడి మంగ్లు ఎడమ అరచేతిని పళ్లు దిగేలా కరిచింది.

సింహాచలం కర్ర ఎత్తాడు.

"ఆగండి బాబూ," అన్నాడు మంగ్లు. "మనిషిని కరిసిన కుక్కని పది రోజులు కట్టి సూడాల."

"ఎవుడు సెప్పినాడ్రా?"

"మీ ఉత్తరువే."

సింహాచలం కర్ర దించాడు. "ఇది సస్తే నువ్వు రైలెక్కి ఆసుపత్రికి ఎల్లాల. తెలుసా? రైలు సూసినావా ఎప్పుడైనా?"

"నేదు బాబూ."

"మరైతే దీనికి ఒళ్లు బాగుండాలని దండం ఎట్టుకో."

మంగ్లు కుక్కను ఇంటి పక్క చూరు కింద గుంజకు కట్టాడు. పది ముడుల తాడు పేని దాని పైన వేలాడదీశాడు. ఈసారి గడువు తనకే. పెళ్లాం గంగ కొడవలి మొన కాల్చి గాయం మీద పెట్టింది. అతను పళ్లు బిగించి కుక్క వైపే చూశాడు.

ఆ తరువాత అతనికి వేరే పని లేకపోయింది. లేచి ముడి విప్పడం, అంబలి పోయడం, అది తాగుతుందో లేదో చూడటం. చొంగ కారుతుందా, గాలిని కరుస్తుందా అని చూడటం. వాన పడుతూనే ఉంది. కుక్కల అరుపు లేని ఊళ్లోకి అడవిపందులు దిగాయి. చిట్టెమ్మ మంచె మీద పగలూ రాత్రీ డబ్బా వాయించి, ఎర్రబడ్డ కళ్లతో ఆ దారినే ఇంటికి వచ్చేది.

"మా కుక్కకి కర్ర, నీ కుక్కకి అంబలా?" అంది ఒక రోజు.

"ఇది నా కుక్క కాదు."

"మరెవులది? నీ పేణం దాని నోట్లో ఉన్నాది గదా."

ఆరో రోజు కుక్క నీళ్లు ముట్టలేదు. మంగ్లు ముంత దాని ముందుకు జరిపాడు. అది మొహం తిప్పుకుంది. అతను గంగను కేకేశాడు. గంగ వచ్చి ముంతలోకి తొంగి చూసింది.

"పంది మూతెట్టినాది ఇందులో. నువ్వైతే తాగుతావేటి?"

కొత్త నీళ్లు పోసింది. కుక్క చప్పుడు చేస్తూ అంతా తాగింది.

పదో రోజు పొద్దున కుక్క తోక ఊపుతూ లేచింది. ఒక ముడి మిగిలింది. భయం లేదు. మంగ్లు తాడు చేతిలోకి తీసుకుని ముడి మీద బొటనవేలు పెట్టాడు. దాన్ని విప్పితే ఉత్తర్వులో ఆఖరి ముక్క, కుక్కను చంపడం, మిగులుతుంది. పెట్టిన వేలు పెట్టినట్టే ఉంచి, కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం సింహాచలం వచ్చాడు. అరుగు మీద కూలబడి కాళ్ల నుంచి జలగలు పీకుకున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఈయాల్టితో పది గదరా? జొరంతో పడున్నాను, దినాలు తెలవడం నేదు. తాడేటంటన్నాది?"

మంగ్లు తాడు చూపించాడు. "ఇంకొకటున్నాది బాబూ. గడువు రేపు."

ముప్ఫై ఏళ్లలో అతను కలిపిన మొదటి మాట అది. ఎప్పటి గొంతుతోనే, ఎప్పటి ముఖంతోనే చెప్పాడు.

సింహాచలం తలెత్తాడు. చేను నుంచి వస్తున్న చిట్టెమ్మ దారిలో ఆగిపోయి ఉంది. నల్లకుక్క పోయిన రోజు నుంచి ఆమె గోడ మీద రోజుకొక బొగ్గు గీత గీస్తోంది. కాటు పడిందీ ఆ రోజే.

"ఏమ్మా, నిజమేనా?"

చిట్టెమ్మ మంగ్లును చూసింది. కుక్కను చూసింది. మంగ్లు చేతిలో తాడు కదలలేదు.

"మావ తాడు ఎప్పుడు తప్పినాది బాబూ?" అంది.

సింహాచలం చేతిలో జలగను రాయితో నలిపాడు. "రేపు మళ్లీ ఈ కొండెక్కడం నా వల్ల కాదు. ముడి ఇప్పినాక నువ్వే ఆ పని కానిచ్చీ. అయినాదని కబురెట్టు." కర్ర ఊతంగా లేచి, వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

అతను మలుపు తిరిగాడు. తరువాత చిట్టెమ్మ గుంజ దగ్గరికి వచ్చి కుక్క తాడు విప్పి చేతికి చుట్టుకుంది.

"సేనుకాడికి తీసుకెల్తన్నాను. నువ్వా ముడి ఇప్పకు మావా."

మంగ్లు తల ఊపాడు. తాడును చూరులో దోపాడు. అది అక్కడే పొగచూరింది. కబురు వెళ్లలేదు. కచేరీ నుంచి ఎవరూ అడగలేదు.

మరో తొమ్మిదేళ్లు మంగ్లు ఉత్తర్వులు మోశాడు. చెయ్యి సరిగా ముడుచుకోక తాడు పేనడానికి మునుపటికంటే ఎక్కువసేపు పట్టేది. ఊళ్లన్నీ ఎప్పటిలాగే అతని తాడు నమ్మాయి. సొంత ఊళ్లో మాత్రం తాడు ఊరిపెద్ద చేతికి వెళ్లేముందు చిట్టెమ్మ వచ్చేది. తాడు తీసుకుని, ఒక్కొక్క ముడినీ వేలితో తడిమి లెక్కపెట్టి, తిరిగి ఇచ్చేది. మంగ్లు తల వంచుకుని ఆమె లెక్క అయ్యేదాకా నిలబడేవాడు.