బాపు గోలీ, నా అయోడిన్

మా బాపు ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. ఆ ముప్పై ఏళ్లలో ఎవరి మాటా వినలేదు. రిటైరయ్యాక షుగర్ వచ్చింది, ఇప్పుడు దాని మాట కూడా వినడు. పొద్దునా సాయంత్రం ఒక తెల్ల గోలీ మింగించడానికి అమ్మ పడే తిప్పలు జహనుమా బస్తీలో మా గల్లీ మొత్తానికీ తెలుసు.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఇంట్లో ఆ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పోయిన జూన్‌లో, నేరేడు పండ్ల బండ్లు వచ్చిన రోజుల్లో, బాపు నాలుక ఊదాగా చేసుకుని నన్ను నిలదీశాడు.

"గీ పండ్లల్ల యాంటీ ఆక్సిడెంట్ మస్తుంటదని ఫోన్ల వచ్చింది. ఏందది? టీచరమ్మవు గద, చెప్పు."

ఇంత గౌరవంగా నన్ను ఏనాడూ అడగలేదు. ఇంక ఆగుతానా? బేగంబజార్ నుంచి తెచ్చిన గాజు గ్లాసుల్లో ఒకటి తీసి నీళ్లు పోశాను. దెబ్బలకు పూసే అయోడిన్ మందు నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు డికాక్షన్ రంగుకొచ్చాయి. నేరేడు గుజ్జు పిండి, వడగట్టి, ఆ రసం చెంచాతో కొంచెం కొంచెం పోశాను. డికాక్షన్ రంగు మాయమై, లేత గులాబీ చాయ ఒక్కటే మిగిలింది. బాపు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆ ఊదా రంగు పేరు ఆంథోసయనిన్ అని చెప్పాను. తొక్కలో ఉండి పండును ఎండ నుంచి కాస్తుంది. అడిగినవాళ్లకు తన ఎలక్ట్రాన్లు ఇచ్చేయడం దాని గుణం. అవి దొరికితే అయోడిన్ రంగు పోతుంది. ఒంట్లోనూ ఎలక్ట్రాన్ల కోసం కణాల మీద పడే అణువులుంటాయి. బస్సులో కొట్లాట మొదలయ్యేలోపే లేచి సీటిచ్చేసే మనిషిలా ఈ రంగు వాటిని చల్లబరుస్తుంది. బస్సు అనేసరికి బాపుకు మొత్తం అర్థమైపోయింది.

రెండు సంగతులు మాత్రం చెప్పలేదు. ఆ గ్లాసులో పనిచేసింది రంగు ఒక్కటే కాదు, పండులోని సి విటమిన్‌ది కూడా అందులో వాటా ఉంది. పైగా, మనం తిన్న రంగులో రక్తం దాకా చేరేది చాలా తక్కువ. బాపు కళ్లు అంత పెద్దవి చేసుకుని చూస్తుంటే అవన్నీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రెండు వారాల తర్వాత బాపు అరికాళ్లు మంటలన్నాడు, మెట్లెక్కుతూ తూలాడు. అమ్మ మిషన్‌తో చూస్తే షుగర్ మూడు వందలు దాటింది. పాత ఖాకీ చొక్కా జేబులో రెండు వారాల గోలీలు దొరికాయి. ఎందుకు మింగలేదని అడిగితే, దొరికిపోయినవాడిలా కాదు, పరీక్ష పాసైనవాడిలా చెప్పాడు.

"నువ్వు జేసినట్టే నేను గూడ జేసిన. పండు రసం పోస్తే నీళ్లు తేటగైనయ్. గోలీ నూరి పోస్తే బొగ్గు లెక్క నల్లగైనయ్. గసొంటిది కడుపులకెట్ల పోనిస్త?"

నవ్వొచ్చింది. మరుక్షణం ఏడుపొచ్చింది. నా పిల్లల్లో ఒక్కడు కూడా ప్రయోగం ఇంత శ్రద్ధగా చెయ్యడు. కాకపోతే ఆ గోలీ పొడిని గట్టిగా పట్టి ఉంచడానికి పిండి కలుపుతారు. పిండికి అయోడిన్ తగిలితే నల్లబడుతుంది. గిన్నెలోంచి అన్నం మెతుకు తీసి దాని మీద ఒక చుక్క వేశాను. అదీ నల్లబడింది.

బాపు అమ్మ వైపు తిరిగాడు. "అంటే నలభై ఏండ్ల సంది నువ్వు నాకు పెడుతున్నది విషమేనా?"

"పెట్టిన. ఏమన్న అయిందా? ఇగ గోలీ గూడ మింగు," అంది అమ్మ.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. కోప్పడి, గోలీ ఇప్పుడే మొదలుపెట్టి రేపు బాపును తీసుకురమ్మన్నాడు. బాపు గోలీని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"మరి ఇది లోపల పనిజేస్తదని గ్లాసుల జూపియ్యి."

"గ్లాసుల కనవడదు బాపూ. ఆ దినం నేను జూపిచ్చింది గూడ గ్లాసు ముచ్చటే, ఒంటి ముచ్చట గాదు. గది నేను చెప్పలే. తప్పు నాదే."

ఆయన గోలీని వేళ్ల మధ్యకు తీసుకున్నాడు.

"ఫోన్ల వచ్చిందని ఆపలే బిడ్డా. నువ్వు జూపిచ్చినవని ఆపిన," అన్నాడు. "ఇప్పుడు నువ్వు చెప్తున్నవని మింగుతున్న."

మింగేశాడు, నీళ్లు కూడా అడగలేదు. ఎవరి మాటా వినడనుకున్న మనిషి నా మాట ఇంతగా వింటాడని తెలిసి, ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.