రాజ్యలక్ష్మిగారికి నేను నేర్పిన మాటలు

పదేళ్లు దాటింది. ఇలాంటి బరువొకటి మోస్తున్నానని మా ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. మోస్తూనే పాఠాలు చెప్పాను, పెళ్లిళ్లకి వెళ్లాను, హాయిగా నిద్రపోయాను కూడా. నిద్ర పట్టేది కాదని రాస్తే మీరు నా మీద జాలిపడతారు. కానీ అది అబద్ధమవుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పందొమ్మిది వందల యాభైల చివరి సంగతి. గుంటూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. మా డిపార్ట్‌మెంటులోనే రాజ్యలక్ష్మిగారని ఒకావిడ ఉండేవారు. చీరాలలో మగ్గాల మీద బతికే కుటుంబం వాళ్లది. మిరపకాయ పండే వేళకి నల్లమచ్చ పడి కుళ్లిపోయే తెగులుంది చూశారా, దాని మీద ఆవిడ సొంతంగా పని చేస్తుండేవారు. సెలవురోజున బస్సెక్కి పెదకాకాని వైపు పొలాలకి వెళ్లేవారు. మచ్చపడిన కాయలు సంచీలో వేసుకొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. గట్టు మీద నిలబడి రైతులతో నవ్వుతూ, వాదిస్తూ, గొంతెత్తి మాట్లాడారు. అదే మనిషి ప్రిన్సిపాల్‌గారి గదిలో అడుగుపెడితే మాట పెగిలేది కాదు.

ఆ ఏడాది కాలేజీవాళ్లు ఒకరిని జీతమిచ్చి విశాఖపట్నం పంపి, పరిశోధన చేయించాలనుకున్నారు. ఒక్కరినే. ఎవరన్నది ప్రిన్సిపాల్‌గారి ఇష్టం. డాక్టరేటుతో తిరిగొస్తే డిపార్ట్‌మెంటు పెద్దరికం వాళ్లదే. న్యాయంగా ఆ అవకాశం ఆవిడది. ఆవిడ చేతిలో పని ఉంది. నా దగ్గరేముంది? మాట ఉంది. ఎవరి దగ్గర ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. ప్రిన్సిపాల్‌గారు ఎలాంటి మనిషో కూడా తెలుసు. సలహా అడిగితే కరిగిపోతారు, హక్కుగా అడిగితే బిగుసుకుపోతారు.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఆవిడే నా దగ్గరికొచ్చారు.

"మీరు ఆయనతో ఇట్టే మాట్లాడేస్తారండి. నాకేమో నోరు పెగలదు. ఎలా అడగాలో కాస్త చెప్పరూ?"

"మీరేం చెబుదామనుకున్నారో ముందు చెప్పండి. నేనే ప్రిన్సిపాల్‌ననుకోండి," అన్నాను.

ఆవిడ బల్లకి అవతల నిలబడి, పైట సర్దుకుని, మెల్లగా అన్నారు. "ఈ తెగులు అంతు చూడాలని ఉందండి. ఎలా ముందుకెళ్లాలో తెలియడం లేదు. పెద్దవారు, మీరే దారి చూపించాలి."

అంతే. ఆ మాట వింటే ఆయన అక్కడికక్కడే ఒప్పుకునేవారు. ఆ సంగతి నాకు ఆవిడ నోరు మూసేలోపే తెలిసిపోయింది.

"అలా అడిగితే అడుక్కున్నట్టుంటుందండి," అన్నాను.

"అవునా?"

"ఇది మీకు రావలసింది. ఆ మాటే ముందు అనండి. నాకంటే తగినవాళ్లు ఈ కాలేజీలో లేరని చెప్పండి. కళ్లలోకి చూసి చెప్పండి. తగ్గకండి."

"ఆయనకి కోపం రాదంటారా?"

"రాదు. మర్యాద పెరుగుతుంది."

గొంతు వణికిన చోటల్లా ఆపి, మళ్లీ అనిపించాను. వణుకు పోయేదాకా అనిపించాను. వెళ్తూ ఆవిడ చేతులు జోడించారు. నేనూ జోడించాను.

ముందే అనుకుని చేశానా? లేదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ధైర్యంగా అడగమనడం తప్పెలా అవుతుంది, ఎవరైనా చెప్పే సలహానే కదా, ఆయన అహంకారానికి నన్నెలా బాధ్యుణ్ణి చేస్తారు, అని ఎదుట ఎవరో కూర్చుని నిలదీస్తున్నట్టు లోపల వాదించుకునేవాణ్ణి. నిజానికి ఎవరూ నిలదీయలేదు. ఎవరికైనా తెలిస్తే కదా.

ఆవిడ వెళ్లి అలాగే అడిగారు. ఆ సాయంత్రం ప్రిన్సిపాల్‌గారు నన్ను వరండాలో ఆపి, "ఆ అమ్మాయికి ఇంత పొగరనుకోలేదయ్యా," అన్నారు. నేను ఒక్క మాట చెబితే సర్దుకునేది. చెప్పలేదు. కొన్నాళ్లాగి నేను ఆయన గదికి వెళ్లాను. "పరిశోధన చేయాలని ఉందండి. ఎలా ముందుకెళ్లాలో తెలియడం లేదు. పెద్దవారు, మీరే దారి చూపించాలి," అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు.

నేను విశాఖపట్నం వెళ్లాను. పత్తి ఆకుమచ్చ తెగులు మీద పని చేసి డాక్టరేటు తెచ్చుకున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ రాజీనామా చేసి, చీరాలలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరిపోయారు. మిరప తెగులు పని అక్కడితో ఆగిపోయింది. డిపార్ట్‌మెంటు నా చేతికొచ్చింది.

ఆ తర్వాత ఒక్కసారే కనబడ్డారు, తెనాలి స్టేషన్లో. నా పరిశోధన గురించి శ్రద్ధగా అడిగారు. పత్తి మీద ఏ మందు పనిచేసిందో, ఏది పనిచేయలేదో వివరంగా అడిగి తెలుసుకున్నారు. తర్వాత తనంతట తానే అన్నారు. "ఆ రోజు మీరు చక్కగానే నేర్పారండి. అడగడం నాకే చేతకాలేదు. అప్పట్నుంచీ పైవాళ్లని ఏదీ అడగడం మానేశాను."

నవ్వుతూనే అన్నారు. నేను "అలా అనుకోకండి," అన్నాను. బండి వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

ఇప్పుడు ఇంటర్వ్యూలకి వెళ్లే కుర్ర లెక్చరర్లు ఎలా మాట్లాడాలో నేర్పమని నా దగ్గరికొస్తారు. నేర్పుతాను, సరిగ్గానే నేర్పుతాను. దానివల్ల ఏదో తీరుతుందని మాత్రం అనుకోవడం లేదు.

చీరాల ఎంత దూరం? పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి ఆవిడ ఎదుట ఉండొచ్చు. వెళ్లలేదు. సిగ్గొక్కటే కారణం కాదు. వెళితే మాట్లాడతాను. ఏ మాటతో ఆవిడ మనసు మెత్తబడుతుందో, ఎక్కడ ఆగితే "పోనీలెండి" అంటారో వెతికి మరీ మాట్లాడతాను. క్షమాపణ కూడా ఆ అవకాశం సంపాదించినట్టే సంపాదిస్తాను. అంతవరకు నన్ను నేనెరుగుదును. మరి వెళ్లకపోతే, తనకి చేతకాలేదనే నమ్మకంతోనే ఆవిడ ఉండిపోతారు. అదీ నేను చేసిందే.

రాజ్యలక్ష్మిగారికి అడగడం వచ్చు. వచ్చని తెలిసే చెడగొట్టాను. ఈ రెండు మాటలూ ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడు అన్నాను.