అత్త తలుపు మీద కోర్టు కాగితం

నిన్న సాయంత్రం మనవడు తన లారీ ఆఫీసు కాగితాలు ముందేసుకుని కూర్చుని, బెంగుళూరులో కోర్టు నోటీసులేవైనా వస్తే తమ తరఫున అందుకోవడానికి ఆ ఊళ్ళో ఒక మనిషిని చూపించాలనీ, తన భార్య పిన్నిగారి పేరు రాసేశాననీ చెప్పాడు. ఆవిడను అడిగావా అన్నాను. "సుమ్మా, ఉత్తినే ఒక పేరు గదా తాతా, దానికి అడిగేదేముంది?" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండానే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడో చల్లారిందనుకున్న మంట, చల్లారలేదని నిన్న తెలిసింది.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆంధ్ర విడిపోయిన కొత్తలో మద్రాసు లారీ వ్యాపారులకు తడ దగ్గర సరిహద్దు దాటితే పరాయి రాష్ట్రమైపోయింది. మద్రాసులోని చూలైలో మా పెదనాన్నకు లారీ షెడ్డు ఉండేది. నేను పాలిటెక్నిక్ ముగించి అందులోనే చేరాను. ఏ చక్రానికి ఏ టైరు, ఏ ఇంజనుకు ఎప్పుడు ఆయిలు మార్చాలి అన్నీ పట్టీలు రాసి గోడకు అతికించే పిచ్చి నాకు అప్పటికే ఉంది. వ్యాజ్యాలేవైనా వస్తే కోర్టు కాగితం అందుకునేందుకు నెల్లూరులో ఒకరిని నియమించుకోవడం మంచిదని వకీలు చెప్పినప్పుడు, ఆ మనిషి ఎలాంటివాడై ఉండాలో పెదనాన్న నన్నే రాయమన్నాడు. పగలు ఒకేచోట దొరకాలి, ఇంగ్లీషు చదవగలగాలి, కాగితం అందిన రోజే మనకు తంతి కొట్టాలి, అన్నిటికన్నా ముందు తాను ఒప్పుకుని ఉండాలి అని రాసి, నెల్లూరు బుకింగు ఆఫీసు గుమాస్తా సరిపోతాడని చూపించాను. పెదనాన్న తల ఊపాడు. ఆ గుమాస్తా పేరే వెళ్ళిందని నమ్మాను.

మా మేనత్త నెల్లూరులో ఒంటరిగా ఉండేది. చిన్నవయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. మధ్యాహ్నం భోజనమయ్యేదాకా మడి, బయటివాళ్ళ చేతిలోది ఏదీ ముట్టదు. ఆ నిష్ఠ చూసే కాబోలు, ఆ వీధి ఆడవాళ్ళందరూ తమ నగలు గుడ్డల్లో మూటగట్టి ఆమె చెక్కపెట్టెలో దాచుకునేవాళ్ళు. మొగుడికి తెలియనివి కొన్ని, కూతురి పెళ్ళికని ఉంచినవి కొన్ని. ఏ మూట ఎవరిదో ఆమె ఎక్కడా రాసుకోలేదు, ఎవరూ విప్పి చూసుకోనూ లేదు. ఆమె పరువంతా ఆ పెట్టెలోనే ఉండేది.

నాయుడుపేట దగ్గర మా లారీ ఒక ఎద్దులబండిని గుద్దింది. ఎద్దు చచ్చిపోయింది, బండివాడి కాలు విరిగింది. అతను నెల్లూరు కోర్టులో దావా వేశాడు. కోర్టు బంట్రోతు నోటీసు పట్టుకుని నేరుగా మా అత్త ఇంటికి వెళ్ళాడు, ఎందుకంటే మా కాగితాల్లో గుమాస్తాకు బదులు రాసి ఉన్నది ఆమె పేరు. వెళ్ళినప్పుడల్లా ఆమె మడిలో ఉండేది, నాకు లారీలేంటి నాయనా, మద్రాసుకు పోయి అడగమని లోపలి నుంచే పంపేసేది. చివరికి అతను కాగితాన్ని ఆమె వీధితలుపుకు జిగురుపెట్టి అంటించి, పక్కింటివాళ్ళ చేత సాక్షి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

కోర్టు కాగితం తలుపెక్కిందంటే జప్తు అనే అందరికీ అర్థం. ఆ సాయంత్రం నుంచి ఒక్కొక్కరే వచ్చారు. చెల్లెలి పెళ్ళని ఒకరు, పుట్టింటికి పోతున్నామని ఒకరు, ఎంతో మర్యాదగా తమ మూటలు తీసుకుని వెళ్ళారు. పెట్టె ఖాళీ అయింది.

అత్త ఒంటరిగా రైలెక్కి చూలైకి వచ్చింది, తాగడానికి నీళ్ళు తన చెంబులోనే తెచ్చుకుని. పెదనాన్నను ఒకటే అడిగింది, తన పేరు ఎందుకు రాశావని. ఆయన దాచలేదు, పైగా తన తెలివికి మురిసిపోతూ చెప్పాడు.

"ఆ గుమాస్తా పేరు రాస్తే వాడు కాగితం తీసుకుని సంతకం పెట్టేస్తాడు. నువ్వైతే ముట్టవు. కోర్టోడు తిరిగి తిరిగి ఆడనే మానుకుంటాడనుకున్నా. పేరే గదమ్మా, రేపే మనిషిని పంపి ఆ కాగితం గోకించేస్తా."

అత్త గొంతు పెంచలేదు. "నేను మడి కట్టేది దేవుడి కోసం, అన్నా, నీ లారీకి కాదు. నన్ను నమ్మి ఇచ్చినోళ్ళు ఒక్క మాటా అనకుండా తీసకపోయినారు. తిట్టినా బాగుండు."

మరి నా చేత అదంతా ఎందుకు రాయించావని పెదనాన్నను అడిగాను. "చదువుకున్నోడివి గదా, పొద్దుపోక రాసుకుంటావని," అన్నాడు. షెడ్డులో మనుషులు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే అత్త చెంబు తీసుకుని లేచింది. ఆ ఇంట అన్నం ముట్టలేదు. ఆమెను సెంట్రల్‌లో రైలెక్కించి, నేను మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కకుండా వాషర్‌మెన్‌పేట్‌లో ఒక వర్క్‌షాపులో చేరాను. కాగితం గోకించేస్తే చాలనుకుని పెదనాన్న కోర్టుకు పోలేదు, హాజరు కాలేదని కోర్టు బండివాడి పక్షానే తీర్పిచ్చింది. ఇచ్చి మంచిపని చేసింది. పెదనాన్న చివరిదాకా ఆ తీర్పు కింద జప్తయిన లారీ కోసమే ఏడ్చాడు తప్ప, చెల్లెలి పెట్టె మాట ఎత్తనే లేదు. ఎంత గోకించినా ఆ తలుపు మీద జిగురు మరక పోలేదు. ఆమె పోయేదాకా ఆ పెట్టెలోకి ఒక్క మూటా తిరిగి రాలేదు.

నిన్న మనవడి చేత నా ఎదురుగానే ఆ పిన్నిగారికి ఫోను చేయించాను. అంతా విని ఆవిడ వద్దంది. మనవడు ముఖం ముడుచుకున్నాడు, ముడుచుకోనీ.

ఈమధ్య నెల్లూరు వెళ్ళినప్పుడు ఆ వీధి చూశాను. అన్నీ మేడలు, ఇనుప తలుపులు, నగలు బ్యాంకు లాకర్లలో. ఇప్పుడు అక్కడ ఎవరి తలుపుకు ఏ కాగితం అంటించినా పోయేది ఏమీ లేదు. ఎవరి మూటా ఎవరి దగ్గరా లేదు.