ఎవరే ఆ డాక్టర్ లీ?

మా మేనమామకు కొత్తదంటే పడదు. ఏం చూపించినా "ఇంకా మాగాలి" అంటాడు. పత్రిక కూడా వారం మాగబెట్టి చదువుతాడు. "తప్పు వార్తయితే ఈపాటికి సవరణ వేసుంటారుగా!" అని ఆయన వాదన. కొత్త చెప్పులు కొంటే పక్కింటాయనకిచ్చి, "కాస్త నడిచిపెట్టండి" అంటాడు. పెళ్లిచూపులయ్యాక సరేననడానికి ఎంతకాలం పట్టిందని అడిగితే అత్తయ్య గరిటె వెతుక్కుంటుంది.

అలాంటి మనిషి చేతిలో మా ప్రోగ్రామ్ తాళాలు పెట్టారు! కళ్ళు కనపడనివాళ్ళకు ఫోన్లో అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రామ్ అది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా కోడ్ రాసి పంపొచ్చు. దూకుడుగాళ్ళు రోజుకో కొత్త ఫీచర్ పంపుతారు. వాటిలో ఏది స్టేబుల్ వెర్షన్‌లోకెక్కి జనం చేతికి వెళ్ళాలో తేల్చేది మామయ్య.

ఈసారి నేనూ నా మొట్టమొదటి ఫీచర్ పంపాను. 'డా.' అని కనిపిస్తే 'డాక్టర్' అని చదువుతుంది. ఇప్పుడు ఎక్కకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. చూస్తే విడుదల తేదీ కాస్తా దాటిపోయింది. కోడ్ రాసేవాళ్ళ గ్రూపులో అందరూ మామయ్యను ఉతికి ఆరేస్తున్నారు. "నత్తకు నడక నేర్పింది ఈయనే" అన్నారొకరు. నేనూ ఓ చెయ్యి వేశాను. నా ఫీచర్ సంగతడిగితే ఒకటే జవాబు.

"మాగలేదమ్మా."

ఒళ్ళు మండి, తేల్చుకుందామని ఇంటికే వెళ్ళాను. అత్తయ్య తలుపు తీసింది. ముఖం కందగడ్డలా ఉంది.

"సమయానికొచ్చావు. ఎవరే ఆ డాక్టర్ లీ?"

"ఎవరు?"

"నన్నడుగుతావేం? మీ మామయ్య ఫోన్ పొద్దస్తమానం ఆవిడ పేరే జపిస్తోంది! చివరికి నేను పంపే మెసేజ్‌లో కూడా ఆవిడే!"

అత్తయ్య అక్కడికక్కడే ఒక మెసేజ్ కొట్టింది. లోపల్నుంచి మామయ్య ఫోన్ తీయగా పలికింది.

"త్వరగా రండి, మాట్లా డాక్టర్ లి."

నాకప్పుడు వెలిగింది. పక్కన చుక్క ఉందో లేదో చూడకుండా, కనిపించిన ప్రతి 'డా'కీ డాక్టర్ పట్టా ఇచ్చేసింది నా ఫీచరే. 'చూడాలి' అంటే చూ డాక్టర్ లి. 'వచ్చాడా' అంటే వచ్చా డాక్టర్! లోపలికి పరుగెత్తాను.

"కొత్తదంటే పడదుగా మామయ్యా? ఇది నీ ఫోన్లో ఎందుకుంది?"

"మాగబెట్టడమంటే అటకెక్కించడం అనుకున్నావా? ఎవరో ఒకరు దీంతో వేగాలిగా. మీరు పంపేవన్నీ ముందు నా ఫోన్లోనే. కళ్ళు లేనివాళ్ళు వేగేకంటే నేను వేగడం నయం."

"తప్పు నాదని గ్రూపులో చెప్పొచ్చుగా!"

"మొదటిసారి రాశావు. పదిమందిలో పరువు తీస్తే మళ్ళీ రాస్తావా? తప్పులన్నీ ఏరి విడిగా చెప్దామనుకున్నా. నువ్వు ఆగితేగా!"

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే కూర్చుని దిద్దాను. అత్తయ్య మళ్ళీ మెసేజ్ పంపింది. "త్వరగా రండి, మాట్లాడాలి" అని ఫోన్ బుద్ధిగా చదివింది. అత్తయ్య ముఖం విప్పారింది.

"ఇంతకీ మిగతావన్నీ మాగిపోయాయిగా, విడుదలెందుకు ఆపావు?"

మామయ్య చెవి గోక్కున్నాడు.

"నీది కూడా ఎక్కాలని."

"మరి నాకోసం ఆపావని ఎవరికీ అనుమానం రాలేదా?"

"నేను ఆపితే ఎవరికి అనుమానం వస్తుందే!"