దుర్గేష్ వేసిన ముప్ఫై అయిదు

దుర్గేష్‌కి మనుషులు కనపడరు, మార్కులు కనపడతాయి. మీరు ఎదురుపడి నమస్కారం పెడితే, తిరిగి నమస్కారం పెడుతూనే మీకు రెండు అంకెలు వేసేస్తాడు. మొదటిది ఇవాళ మీరెంత అన్నది. రెండోది ముందుముందు మీరెంత కాగలరన్నది. ఆ రెండూ మనసులో ఉంచుకుంటే మాకెవరికీ ఇబ్బంది ఉండేది కాదు. పైకి చెప్పేస్తాడు.

ఈ జబ్బు ఆయనకి బేస్‌బాల్ వల్ల పట్టుకుంది. మనిషిది అనంతపురం. హైదరాబాదులో ఒక అమెరికా కంపెనీకి పనిచేసే రోజుల్లో ఆఫీసు టీవీలో ఆ ఆట చూసి మరిగాడు. న్యూజిలాండ్ వచ్చి, ఆక్లండ్ శివార్లలోని టకానినిలో మా వెనకవీధిలో ఇల్లు కొనుక్కున్నాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. పోనీ పెద్ద ఆటగాళ్ళని చూస్తాడా అంటే అదీ కాదు. ఒక అమెరికన్ క్లబ్బుకి కింద చిన్న చిన్న ఊళ్ళలో ఉండే జట్లనీ, వాటిలో ఆడే కుర్రాళ్ళనీ చూస్తాడు. ఆ కుర్రాళ్ళు ఒక్కో మెట్టే ఎక్కి పై జట్టుకి చేరాలి. వందల్లో ఏ కొద్దిమందో చేరతారు. వాళ్ళెవరో ప్రతి జనవరిలోనూ మార్కులతో సహా తన వెబ్‌సైటులో రాస్తాడు. సైటు పేరు ‘రాయలసీమ రిపోర్ట్’. రాసేవాడి పేరు ఉండదు. అమెరికాలో కొన్ని వందల మంది దాన్ని చదువుతారట. వాళ్ళకి రాయలసీమ అంటే ఏమిటో తెలుసునని నేననుకోను.

ఆ మార్కులు ఇరవై దగ్గర మొదలై ఎనభై దగ్గర ఆగిపోతాయి.

“సున్నా నుంచి నూరు దాకా వెయ్యొచ్చు కదా?” అని అడిగాను ఒకసారి.

“అట్ల వెయ్యరన్నా,” అన్నాడు నా మీద జాలిపడుతూ. “ఇరవై కంటే కిందుండేవాణ్ణి గ్రౌండులోకే రానియ్యరు. ఎనభై దాటినోడు ఇంకా పుట్టల్యా.”

యాభై అంటే పై జట్టులో నిలదొక్కుకోగల మామూలు ఆటగాడని అర్థం. ఆ లెక్కతోనే ఆయన మా టకానినిని కొలుస్తాడు. కమ్యూనిటీ హాల్లో భోజనాలప్పుడు రమామణి ఆంటీ పెద్ద గిన్నెడు పులిహోర తెచ్చి, “ఎలా ఉంది బాబూ?” అని అడిగింది. అడగకుండా ఉండాల్సింది.

“ఇప్పటికి నలభై, ఆంటీ. ముందుముందు యాభై అయిదు. పోపులో పవర్ ఉంది. పులుపు మీద కంట్రోల్ రావల్ల.”

ఆవిడ చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. పులుపు మాత్రం తగ్గించింది.

సత్యనారాయణ గారి అమ్మాయి ప్రణీతకి హామిల్టన్ నుంచి ఒక సంబంధం వస్తే, పదిమందినీ పిలిచి అబ్బాయిని చూపించారు. పెద్దాయన మర్యాదకి దుర్గేష్ అభిప్రాయం కూడా అడిగారు. అబ్బాయి పక్కనే కూర్చుని జంతికలు తింటున్నాడు.

“ఇప్పుడు యాభై, ముందుముందు గూడా యాభయ్యే సార్,” అన్నాడు దుర్గేష్. “ఉద్యోగం ఊడదు, మనిషి ఎదగడు.”

అబ్బాయి జంతిక కింద పెట్టేశాడు.

నాకూ వేశాడు. ఎంతో చెప్పను గానీ, నాకు రెండో అంకె మొదటిదానికంటే తక్కువ. పెళ్ళిచూపుల్లో తనకెంత వేశాడని ఆయన భార్య వేదవతి ఇంతవరకూ అడగలేదు. ఆవిడ తెలివైన మనిషి.

ఒక్కమాట ఆయన తరఫున చెప్పాలి. చూడకుండా వెయ్యడు. ఆ పులిహోర ఎన్నో భోజనాల్లో మౌనంగా తిని, ఆ తర్వాతే నోరు విప్పాడు. హామిల్టన్ అబ్బాయిని కూడా వచ్చినప్పటినుంచీ కళ్ళార్పకుండా చూశాడు. అందుకే మాకు కోపం వచ్చేది గానీ, అబద్ధమని అనలేకపోయేవాళ్ళం.

2018 చివర్లో, ఇక్కడి వేసవి మొదలయ్యాక, ఆక్లండ్‌లోని ఒక బేస్‌బాల్ జట్టుకి అమెరికా నుంచి కొందరు కుర్రాళ్ళు ఆడటానికి వచ్చారు. వాళ్ళలో దుర్గేష్ క్లబ్బు కుర్రాడూ ఒకడున్నాడు. అలా వచ్చినవాళ్ళని హోటల్లో పెట్టరు. ఊళ్ళో ఎవరైనా ఒక గది ఇచ్చి, అన్నం పెట్టి ఇంటిమనిషిలా చూసుకుంటారు. దుర్గేష్ తనంతట తానే పేరిచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం వేదవతి పరుగున మా ఇంటికి వచ్చింది.

“అన్నయ్యా, మీరైనా చెప్పండి. నాలుగేళ్ళుగా ఆ పిల్లాడికి ముప్ఫై అయిదు వేస్తున్నారీయన. రెండో అంకె కూడా ముప్ఫై అయిదే. ఇప్పుడు ఆ పిల్లాణ్ణే ఇంట్లో పెట్టుకుంటారట!”

నేను చెప్పాను. ఆయన వినలేదు.

కుర్రాడి పేరు కోల్బీ. ఇరవై ఆరేళ్ళు, ఎడమచేత్తో బంతి విసురుతాడు. వచ్చిన వారంలోనే పప్పూ ఆవకాయా మరిగాడు. ఒక ఆదివారం మేమందరం భోజనానికి కూర్చున్నప్పుడు మనసులో మాట బయటపెట్టాడు. ఇంగ్లీషులోనే అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

“ఇంటర్నెట్‌లో ఒకడున్నాడండీ. రాయలసీమ రిపోర్ట్ అట. నా కోచ్‌లందరూ ‘దగ్గరికొచ్చేశావు’ అంటారు. వాడొక్కడే ముప్ఫై అయిదంటాడు. అసలు వాడెప్పుడైనా బంతి పట్టుకున్నాడా?”

వేదవతి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. వాళ్ళ అమ్మాయి సిరి తండ్రి వైపు తిరిగి నోరు తెరవబోయింది. నేను బల్ల కింద దుర్గేష్ కాలు తొక్కాను.

“పట్టుకుని ఉండడు,” అన్నాడు దుర్గేష్ నెయ్యి కలుపుకుంటూ.

“మీకెలా తెలుసు?”

“రాత చూస్తే తెలుస్తుంది.”

కోల్బీ సంతోషపడి మళ్ళీ పప్పు వడ్డించుకున్నాడు.

ఆ వేసవంతా దుర్గేష్ ప్రతి ఆటకీ వెళ్ళి వల వెనక కూర్చున్నాడు. మోటార్‌వే మీద కుర్రాణ్ణి కారులో తీసుకెళ్ళడం, తీసుకురావడం ఆయనే. ఒక్క అంకె కూడా నోటినుంచి రాలేదు. మాకే ఆశ్చర్యమేసింది.

జనవరిలో ఒక శనివారం పొద్దున నేను కాఫీకి వెళ్ళేసరికి కోల్బీ వంటింట్లో గంతులేస్తున్నాడు. క్లబ్బు ఇంకో ఏడాదికి కాంట్రాక్టు పంపింది. అమెరికాలో వాళ్ళ ఊళ్ళో వాడికి నర్సింగ్ కాలేజీలో సీటుంది. ఇదివరకే వాయిదాల మీద వాయిదాలు అడిగాడు, ఈసారి చేరకపోతే అది పోతుంది. పోతే పోయింది, ఆ రోజే సంతకం పెట్టేస్తానన్నాడు.

దుర్గేష్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. వేదవతికి అర్థమైపోయింది.

“ఏమండీ, వద్దు,” అంది తెలుగులో. “పిల్లాడు ఎంత సంబరంగా ఉన్నాడో చూడండి.”

“ఇంకెవరూ చెప్పరు వేదా,” అని, కుర్రాడి వైపు తిరిగాడు. “ఆ రాయలసీమ రిపోర్ట్ రాసేది నేనే.”

కోల్బీ ముందు నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

“పై జట్టుకి వెళ్ళగల ఒక్క కుర్రాడు ఆడాలంటే చుట్టూ జట్టు నింపడానికి ఇంకో ఎనిమిది మంది కావాలి,” అన్నాడు దుర్గేష్ నెమ్మదిగా. “నువ్వు ఆ ఎనిమిది మందిలో ఒకడివి. ఆ సంగతి చెబితే వెళ్ళిపోతారని వాళ్ళకి ఎవరూ చెప్పరు. ‘దగ్గరికొచ్చేశావు’ అంటారు. నీకు ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా అంటూనే ఉంటారు.”

కుర్రాడి మొహం ఎర్రబడింది. లోపలికి వెళ్ళి బంతులూ, గ్లవ్వూ పట్టుకొచ్చాడు.

“బయటికి రండి. నా బంతి మీ చేతిలో పడ్డాక చెప్పండి ఆ అంకె.”

నాకు భయమేసింది. దుర్గేష్ పొట్టా, కళ్ళద్దాలూ, పైజమాతో గ్యారేజీ తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. కోల్బీ గ్లవ్వు కుడిచేతికి తొడిగేది. అలవాటు లేని మనిషికి ఏ చేతిదైనా ఒకటే కాబట్టి కుడిచేతికే తొడుక్కున్నాడు. మొదటి బంతి గ్యారేజీ తలుపుకి తగిలిన చప్పుడుకి పక్కింటి వాళ్ళు ఏదో పేలిందని బయటికొచ్చారు. రెండోది చెవి పక్కనుంచి పోయింది. మూడోది గ్లవ్వులో పడి మనిషిని వెల్లకిలా పడేసింది. వేదవతి కేకపెట్టింది.

దుర్గేష్ లేచి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “ఇంకోటి,” అన్నాడు.

కుర్రాడు కోపం తీరేదాకా విసిరాడు. చివరికి రొప్పుతూ నిలబడి, “ఇప్పుడు చెప్పండి,” అన్నాడు.

దుర్గేష్ గ్లవ్వులోంచి చెయ్యి తీశాడు. వేళ్ళు వంకాయల్లా వాచాయి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కనీసం నలభై అనమని నేను మనసులో దేవుడికి మొక్కుకున్నాను.

“ముప్ఫై అయిదు,” అన్నాడు. “చాలా నొప్పిగా ఉంది. అయినా ముప్ఫై అయిదే.”

కోల్బీ అక్కడే నేలమీద కూలబడి తల వంచుకున్నాడు.

“నాకూ అదే అనిపిస్తూ ఉండేది,” అన్నాడు. “నాకంటే ముందు ఇంకెవరైనా ఎదురుగా నిలబడి అంటే బాగుండునని చూస్తున్నాను.”

వాడు లేచి వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యడానికి లోపలికి వెళ్ళాడు. నర్సింగులో చేరతానని చెబుతుంటే కిటికీలోంచి మాకు వినపడింది. అప్పుడు నేను దుర్గేష్ మీద విరుచుకుపడ్డాను.

“సైటులో ఎలాగూ రాస్తున్నావు కదయ్యా! వాణ్ణి ఇంటికి తెచ్చుకుని, ఆ బంతుల ముందు కూర్చోవడం ఎందుకు?”

“ప్రతి జనవరీ ఆ ముప్ఫై అయిదు వాడు ఒక్కడే కూర్చుని చదువుకుంటాడు కదన్నా,” అన్నాడు చెయ్యి ఊదుకుంటూ. “ఈసారన్నా చదివేటప్పుడు పక్కన మనుషులుండల్ల అనిపించింది. దూరంనుంచి చెప్తే నమ్మల్యా. అందుకని దగ్గరికి తెచ్చుకున్నా.”

ఈ మనిషి మార్కులకి ఇన్నాళ్ళూ చిరాకుపడ్డాం గానీ, అంతసేపు మమ్మల్ని కూర్చుని చూసినవాడు ఇంకొకడు లేడన్న సంగతి ఎవరమూ ఆలోచించలేదు. ఆ పూట ఆయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

కోల్బీ ఫ్రీజర్లోంచి బఠాణీల ప్యాకెట్ తెచ్చి ఆయన చేతిమీద పెట్టాడు. వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసి, ఏదీ విరగలేదన్నాడు. టేపు చుడుతూ, “మీ క్యాచింగ్‌కి నేను మార్కులు వెయ్యనా?” అన్నాడు.

“వెయ్యి.”

“ఇప్పుడు ఇరవై.”

“ముందుముందు?”

కుర్రాడు ఆ వేళ్ళని చూశాడు, కళ్ళద్దాలని చూశాడు, పొట్టని కాస్త ఎక్కువసేపు చూశాడు. “ఇరవయ్యే,” అన్నాడు.

వేదవతి గబగబా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. దుర్గేష్‌కి ఎవరూ మార్కులు వేసిన పాపాన పోలేదు మరి. ఆయన గంభీరంగా ఆలోచించి, తల ఊపాడు.

“కరెక్టే. బాగా చూసి వేశావు,” అన్నాడు.

తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చల్లారిన ఉప్మా తిన్నారు. కుడిచెయ్యి పనిచెయ్యక దుర్గేష్ ఎడమచేత్తో స్పూను పట్టుకుని సగం ఉప్మా చొక్కా మీదే పోసుకున్నాడు.