వదిన నేర్పలేకపోయిన రివర్సు

మా వదిన పోయింది. నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వారం, నేను శాంటా క్లారాలో ఆఫీసు మీటింగ్‌లో ఉండగా అన్నయ్య నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అన్నయ్య గొంతు కాదు, వాళ్లమ్మాయి షైనీ. "బాబాయ్, అమ్మ పోయింది. డాడీ మాట్లాడట్లేదు. నువ్వు వస్తావా?" అంది. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల, దాని తెలుగు ఎప్పుడూ అమెరికా యాసలో వంకర్లు తిరుగుతూ వస్తుంది. ఆ రోజు మాత్రం ఒక్కో మాటా తిన్నగా వచ్చి చెవిలో పడింది.

పిస్కాటవేలో వాళ్లు వెళ్లే తెలుగు చర్చిలోనే ఆరాధన జరిగింది. వచ్చినవాళ్లందరూ మంచివాళ్లే. అన్నాలు వండి తెచ్చారు, కన్నీళ్లు పెట్టుకున్నారు, "మంచి చోటికి వెళ్లింది బ్రదర్" అని అన్నయ్య చేతులు పట్టుకున్నారు. నాకసలే ముక్కు మీద కోపం. మంచి చోటే కావచ్చు, కానీ ఆవిడ అక్కడికి వెళ్తానని ఎవర్నీ అడగలేదుగా! అన్నయ్య ముందు వరసలో కోటు గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుని కూర్చున్నాడు. వదిన ఉంటే ఆ గుండీలు సరిచేయకుండా గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఆ డబ్బా గురించి చెప్పాలి. డబ్బా అంటే ట్రైలర్. మంచాలు, పొయ్యి, సింకు, అన్నీ ఉండి కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. నేను డబ్బా అంటే వదినకి ఒళ్లు మండేది. "డబ్బా ఏందయ్యా, శుభ్రంగా ట్రైలర్ అనలేవా? మీ కాలిఫోర్నియాలో నువ్వుండే అపార్ట్‌మెంట్‌కంటే నయమే ఇది" అనేది. అదీ నిజమే.

హోటళ్లలో దిగడం వదినకి నచ్చదు. ఆవిడది చీరాల వైపు. ఊరు చూడ్డానికి వెళ్లినా పొద్దున్నే తన చేత్తో కాఫీ కలుపుకోవాలి, మధ్యాహ్నం పప్పుచారు ఉండాలి. అందుకే ఒక ముసలి అమెరికన్ దంపతుల దగ్గర పాత ట్రైలర్ కొనిపించింది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు అన్నయ్య ఫ్రీవే మీద దొరలా నడుపుకొచ్చాడు. ఇంటి ముందుకొచ్చాక, కారు పెట్టుకునే డ్రైవ్‌వేలోకి వెనక్కి పెట్టబోతే తల ప్రాణం తోకకొచ్చింది. కారు ఒక వైపు తిరిగితే వెనక ట్రైలర్ ఇంకో వైపు తిరుగుతుంది. వీధి అంతా అడ్డంగా నిలిచిపోయింది. అటూ ఇటూ కార్లు ఆగిపోయాయి. చివరికి ఎదురింటి ఆయన వచ్చి పెట్టిచ్చాడు. వదిన వరండాలో నిలబడి అంతా చూసింది.

ఆ శనివారం వదిన ట్రైలర్ తీసుకుని ఖాళీగా ఉన్న చర్చి పార్కింగ్‌లోకి వెళ్లింది. ఫార్మా ల్యాబ్‌లో పనిచేసే మనిషి, ఏదైనా పట్టుకుంటే వదలదు. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ బకెట్లు వరసగా పెట్టుకుని, కొన్నిటిని తొక్కి పగలగొట్టి, చీకటి పడేలోపు నేర్చుకుని వచ్చింది. అప్పటినుంచి ముందుకు నడపడం అన్నయ్య వంతు, వెనక్కి పెట్టడం వదిన వంతు. పెట్టేశాక దిగి ట్రైలర్ పక్కన అరచేత్తో టపటపా తట్టి, "అయిపోయింది, దిగండి" అనేది. చిన్నప్పుడు షైనీ ఆ చప్పుడు వినపడేదాకా సీటు బెల్టు తీసేది కాదు.

ఒకసారి క్యాంపింగ్‌లో వదిన ఎండుచేపల కూర వండిన కథ ఇంకోటి ఉంది. పక్క ట్రైలర్లలో అమెరికన్లు ఏం చచ్చిందో అని చెట్ల వెనక వెతికారట. ఆవిడే పిలిచి, ఇదిగో ఇది, అని చూపించి, అన్నంతో పెట్టింది. ఒకాయన ఇంకొంచెం అడిగాడని ఏడాది పాటు చెప్పుకుంది.

నిరుడు ఒంట్లో జబ్బు బయటపడింది. ఆ వివరాలు రాయను, ఆవిడకీ ఇష్టం ఉండదు. ఈ సెప్టెంబరులో డాక్టర్లు ఇంక చేయగలిగింది లేదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. విన్నది వదిన ఒక్కతే. అన్నయ్య అదే గదిలో, పక్క కుర్చీలోనే కూర్చుని కూడా వినలేదు. ఇంటికొచ్చి "ఇంకో హాస్పిటల్ చూద్దాం" అన్నాడు. చర్చిలో వాళ్లు స్వస్థత కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఒక అక్కగారు, రాలిన ఆకులు వసంతంలో మళ్లీ చిగురించినట్టు లేచి తిరుగుతావు చూడమ్మా అందట. "ఆకులు మళ్లీ వస్తాయండీ, నేను రాను" అంది వదిన. ఆ మాట చెప్పి ఫోన్లో నవ్వింది. ఇటు నేను నవ్వలేదు.

"ఆకుల రంగులు చూడ్డానికి వెర్మాంట్ వెళ్తన్నాం అక్టోబరులో. ఎన్నేళ్ల నుంచి అనుకోవడమే, ఎప్పుడూ ఆఫీసులో ఏదో ఒక రిలీజ్ అని మీ అన్నయ్య ఎగ్గొట్టాడు. నువ్వు కూడా రావయ్యా" అంది. నేను లీవు పెట్టి వెళ్లాను.

బయల్దేరే ముందు అందరం కారు పక్కన నిలబడ్డాం. వాళ్లింట్లో ప్రయాణానికి ముందు ప్రార్థన చేయడం అలవాటు, అన్నయ్యే చేస్తాడు. దారి క్షేమం అడిగాడు, వాతావరణం అడిగాడు. చివర్లో, "వచ్చే సంవత్సరం కూడా ఇలాగే మమ్మల్నందరినీ తీసుకెళ్లు ప్రభువా" అన్నాడు. మేం ఆమేన్ అన్నాం. వదిన అనలేదు.

"అమ్మా, యూ డిడింట్ సే ఆమేన్" అంది షైనీ.

"గొంతు ఎండిపోయిందే" అని వదిన కారెక్కేసింది.

వెర్మాంట్ చేరేసరికి మధ్యాహ్నమైంది. కొండలకి కొండలే పసుపు పూసుకుని కుంకుమ పెట్టుకున్నట్టున్నాయి. క్యాంప్ సైట్ దగ్గర అన్నయ్య అలవాటుగా డ్రైవర్ సీటు దిగి వదిన కోసం తలుపు తీసి పట్టుకున్నాడు. వదిన ఎక్కలేదు. మంకీ క్యాప్ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని వెనక్కి వెళ్లి నిలబడింది.

"మీరే పెట్టండి" అంది.

"నేనెందుకు, నువ్వున్నావుగా" అన్నాడు అన్నయ్య.

"అందుకే. ఉన్నప్పుడే నేర్పుతా. ఎక్కండి. చెయ్యి స్టీరింగ్‌కి కింద పెట్టండి. డబ్బా వెనక ఏ వైపు పోవాలో చెయ్యి ఆ వైపుకి జరపండి. అంతే, ఇంకేం లేదు. అద్దంలో చూస్తా ఉండండి. అద్దంలో నేను కనపడకపోతే మాత్రం ఆపెయ్యండి. అంగుళం కూడా కదపొద్దు."

మొదటిసారి ఆవిడ నోట డబ్బా అన్న మాట విన్నాను. ఎగతాళి చేద్దామనుకున్నాను గానీ ఆవిడ మొహం చూసి మానుకున్నాను.

అన్నయ్య ఎక్కాడు. ఎక్కాడే గానీ నేర్చుకునే ఉద్దేశం లేదు, అది చూస్తేనే తెలుస్తోంది. చెయ్యి పైన పెట్టాడు. అటు తిప్పమంటే ఇటు తిప్పాడు. ట్రైలర్ కారు మీదికి మడతపడబోయింది. వదిన చేతులు ఊపుతూ అరుస్తోంది, అరిస్తే దగ్గొస్తోంది, దగ్గుతూ మళ్లీ ఊపుతోంది. చుట్టుపక్కలవాళ్లు కుర్చీల్లోంచి లేచి చూస్తున్నారు. "నా వల్ల కాదు. నువ్వున్నావుగా, నువ్వే పెట్టు" అని అన్నయ్య దిగిపోయాడు. వదినే కారు దగ్గరికొచ్చింది. మెట్టు ఎక్కలేకపోతే నేను నడుం దగ్గర పట్టుకుని ఎక్కించాను. దుప్పటి భుజం మీదే ఉంది. ఒకే ఊపులో తిన్నగా పెట్టేసింది. దిగి ట్రైలర్ మీద తట్టింది. ఆ చప్పుడు ఎప్పటిలా లేదు, అరచెయ్యి ఆన్చినట్టే ఉంది.

మర్నాడు ఒక చెరువు గట్టుకి వెళ్లాం. నీళ్లలో కూడా ఎరుపే. అన్నయ్య షైనీని నిలబెట్టి ఫొటోలు తీస్తున్నాడు, మధ్యమధ్యలో వదినని కూడా రమ్మని కేకేస్తున్నాడు. వదిన బెంచీ మీద నా పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

"బాగున్నాయి వదినా" అన్నాను.

"బాగున్నాయి. ఇంత బాగుంటాయని తెలిస్తే వచ్చేదాన్ని కాదు" అంది. ఫొటోలు తీస్తున్న అన్నయ్య వైపు చూసి, "మీ అన్నయ్యకి రివర్స్ నేర్పకపోతే ఎట్టాగయ్యా?" అంది.

"నేను నేర్పుతాలే."

"నీకేం వచ్చని! సైకిలు తిన్నగా నిలబెట్టడం రాదు నీకు." నవ్వింది, వెంటనే ఆపేసింది. "డబ్బా పోతే పోయిందిలే, దానిదేముంది. 'సరే, నేర్చుకుంటాను' అని ఆయన ఒక్కమాట అంటే చాలు నాకు. నేను పోతున్నానని ఒప్పుకున్నట్టేగా అది. ఒప్పుకుంటే ఇద్దరం కూర్చుని ఏడుస్తాం. షైనీ గురించి మాట్లాడుకుంటాం. ఆయన ఒప్పుకోకపోతే నేను ఒక్కదాన్నే పోవాలి."

అన్నయ్యతో నేను చెప్తానన్నాను. వద్దంది. "నువ్వు చెప్తే నీకు ఒప్పుకుంటాడు. నాకు ఒప్పుకోవాలి."

రోజుకో క్యాంప్ సైట్ మారాం. పెట్టాల్సి వచ్చినప్పుడల్లా వదిన వెనక్కెళ్లి నిలబడేది, అన్నయ్య తలుపు తీసి పట్టుకుని నిలబడేవాడు. అలా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటే కారు ఇంజను ఊరికే తిరుగుతూ ఉండేది. ప్రతిసారీ వదినే ఓడిపోయేది, ఎందుకంటే ఆవిడ అంతసేపు నిలబడలేదు.

ఆఖరి రోజు పొద్దున, సామాను సర్దుతుండగా, ఇంక డొంకతిరుగుడు లేకుండా అడిగేసింది. "ఏవండీ, నేను లేకపోతే ఇదెవరు పెడతారండీ?" అన్నయ్య కుర్చీలు మడతపెడుతున్నాడు. తలెత్తలేదు. "వచ్చే ఏడాది నేర్పుదువుగానీలే" అన్నాడు. అది ఎంత ప్రేమగా అన్నాడో నాకు తెలుసు. అంత ప్రేమగా అన్నందుకే ఆయన మీద నాకొచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు. వదిన ట్రైలర్‌లోకి వెళ్లి సింకులో నీళ్లు వదిలింది. కడగడానికి అక్కడ గిన్నెలేం లేవు, అన్నీ అప్పటికే సర్దేశాం. నీళ్ల చప్పుడు చాలాసేపు వచ్చింది.

తిరుగు దారంతా నిద్రపోయింది. ఊరి బయట ట్రైలర్లు పెట్టుకునే స్థలంలో ఆ రోజు కూడా తనే రివర్స్ చేసింది. అదే ఆవిడ స్టీరింగ్ పట్టుకోవడం ఆఖరు. తర్వాత మంచం దిగలేదు. చివరి దాకా అన్నయ్య వచ్చే వేసవికి గ్రాండ్ కాన్యన్ వెళ్దామని చెప్తూనే ఉన్నాడట. ఆవిడ సరేనండి అంటూనే ఉందట. షైనీ చెప్పింది.

సమాధి కార్యక్రమం అయిన శనివారం అన్నయ్య తనంతట తనే నోరు తెరిచాడు. "దాని సామానంతా ట్రైలర్‌లోనే ఉండిపోయిందిరా. తెచ్చుకోవాలి." పోపుల డబ్బా, దుప్పటి, మంకీ క్యాప్, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇద్దరం వెళ్లి ట్రైలర్ తగిలించుకుని ఇంటి ముందుకొచ్చాం. చెట్లన్నీ బోడిగా ఉన్నాయి. డ్రైవ్‌వే దాటించి ఆపి, "నువ్వు దిగి వెనక నిలబడు" అన్నాడు. షైనీ వరండా మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

వెర్మాంట్‌లో వదిన నిలబడ్డట్టే, ట్రైలర్ వెనక గడ్డి మీద నిలబడ్డాను. కిటికీలోంచి అన్నయ్య చెయ్యి కనపడుతోంది. చెయ్యి స్టీరింగ్‌కి కింద పెట్టాడు. మెల్లగా జరిపాడు. ట్రైలర్ వెనక భాగం చెప్పినట్టు విని తిన్నగా డ్రైవ్‌వే వైపు తిరిగింది. ఆవిడ చెప్పింది ప్రతి ముక్కా విన్నాడన్నమాట! "రా అన్నయ్యా, రా, బాగా వస్తోంది, ఇంకా రా" అని చెయ్యి ఊపాను. సగం లోపలికి వచ్చి బండి ఆగిపోయింది.

"రా, బోలెడు చోటుంది" అన్నాను. కదల్లేదు. ఇంకా గట్టిగా అరిచాను. కదల్లేదు. పక్క అద్దంలో ఆయన మొహం నాకు స్పష్టంగా కనపడుతోంది, అంటే ఆయనకి నేను కూడా కనపడుతూనే ఉండాలి.

దగ్గరికెళ్లి, "ఏమైంది?" అని అడిగాను. అన్నయ్య అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"కనపడట్లేదురా" అన్నాడు.

ట్రైలర్ సగం ఇంట్లో, సగం వీధిలో ఉండిపోయింది. అటు వచ్చిన కార్లు ఆగి, చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నాయి. అన్నయ్య బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. షైనీ మెట్ల మీద నుంచి లేవలేదు. ట్రైలర్ వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.