గుండిగలో నేను, గుమ్మంలో గుమాస్తా

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో, మద్రాసు నుంచి అందులో కలిసిన బరంపురంలో మా ఇంటికి అప్పు వసూలుకొచ్చిన షావుకారు గుమాస్తాను ఒంటిచేత్తో తరిమేశాను. అంటే, కొంచెం పెంచాను లెండి. అతన్ని చూడగానే పెళ్ళిళ్ళకు అన్నం వండే ఇత్తడి గుండిగలో దూరి మూత పెట్టుకున్నాను. అది అద్దెకిచ్చుకునే మేం బతికేవాళ్ళం.

"మద్రాసు సట్టాలు పోయాయి. ఇప్పుడు కోర్టు కాయితం అక్కర్లేదు. ఈ గుండిగ ఎత్తండిరా!" అన్నాడు గుమాస్తా.

నలుగురు కూలీలు ఎత్తేశారు. మోకాళ్ళు గడ్డానికి ఒత్తుకుని, ఊపిరాడక, లోపలినుంచే అరిచాను: "రాష్ట్రం మారినా కోర్టు కాయితం ఉండాల్సిందే!" గుండిగ దింపేసి వెళ్ళిపోయారు. హక్కు తెలిసినవాడికి భయముండదని ఆనాడే గ్రహించాను.

ఇది చదివి మా ఆవిడ అంది: "ఆ మాట గుమ్మానికి అడ్డంగా నిలబడి సెప్పింది నాను. గుండిగలోంచి మీ తుమ్మొక్కటే వొచ్చింది."